ఇంకొక్క పాట

"ఇక నావల్ల కాదు, మిసెస్ రావ్. గొంతు లేవడం లేదు," అంటూ సిగ్రిడ్ తెర వెనక కుర్చీలో కూలబడింది.

పుష్పవల్లి వేడినీళ్ల గ్లాసు అందించింది. స్వీడన్ నుంచి వచ్చిన ఆపెరా గాయని అంటే ఎంత దర్జాగా ఉంటుందోనని భయపడింది గానీ, ఈమె పెళ్లింట్లో చాకిరీ చేసి అలిసిపోయిన మేనత్తలా ఉంది. చెమటకి ముఖం మీది పౌడరు చారలు కట్టింది. మెర్డెకా, అదే మలయా స్వాతంత్ర్యం, దగ్గర పడుతోందని కౌలాలంపూర్లో జెండాలు కుడుతున్నారట. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో మాత్రం అడవిలోని కమ్యూనిస్టుల భయంతో పెట్టిన ముళ్లకంచె, కర్ఫ్యూ అలాగే ఉన్నాయి. అందుకే కచేరీ మిట్టమధ్యాహ్నం, బడి హాల్లో, కాగిపోతున్న రేకుల కింద, తలుపు దగ్గర మిలిట్రీ కాపలాతో.

తెర పక్క నుంచి హెడ్ క్లర్కు వెంకటరావు తొంగిచూశాడు. పుష్పవల్లి మొగుడే.

"ఆయమ్మని ఇంకొక్క పాట పాడమను."

"ఇందాకా అదే సెప్పినారు. ఆవిడ గొంతు పోతన్నాది, మీకు తెలీటం లేదా?"

"నాకేటి సెప్తావు? మేనేజరు దొర అడుగుతున్నాడు. జనం కూడా కదల్లేదు, సూడు."

నిజమే. ఒళ్లో పిల్లలతో ఆడవాళ్లు, ముసలాళ్లు, తోటలో రబ్బరు పాలు తీసేవాళ్లంతా నేల మీద కూర్చునే ఉన్నారు.

"ఏమంటున్నారు?" అని సిగ్రిడ్ అడిగింది.

పుష్పవల్లి తన మిషన్ బడి ఇంగ్లీషు కూడదీసుకుంది. "ఇంకా కావాలంటున్నారు."

సిగ్రిడ్ నమ్మలేనట్టు చూసింది. "నాది మెజో గొంతు. హీరోయిన్ గొంతుకి ఒక మెట్టు కింద. ఈ గొంతుకి ఎలాంటి వేషాలిస్తారో తెలుసా? మంత్రగత్తె, దాది, హీరోయిన్ తల్లి. సన్నగా ఉన్నన్నాళ్లూ ప్యాంటు తొడిగి మగపిల్లాడి వేషం వేయించారు. ఒక్కసారి జిప్సీ పిల్లగా అసలు వేషం దొరికింది, అదీ పాడాల్సినావిడకి జ్వరమొస్తే. మళ్లీ పాడమని జనం అడిగింది ఎప్పుడూ నా పక్కనున్నావిడనే."

గ్లాసు కింద పెట్టి లేచింది.

బిడ్డని పోగొట్టుకున్న తల్లి పాట ఎత్తుకుంది. పుష్పవల్లికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నడుమ గొంతు జీరపోయింది. సిగ్రిడ్ దాన్ని దాచలేదు, స్వరం తగ్గించి అలాగే పాడుకుపోయింది. ముందు వరసలో చిన్నతల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నిరుడు ఆమె కొడుకుని మిలిట్రీ వాళ్లు లారీ ఎక్కించుకుపోయారు. వాడు తిరిగి రాలేదు.

సిగ్రిడ్ ఆమెను చూసింది. ఆ తర్వాత వెంకటరావు చెయ్యి ఊపితే చాలు, పుష్పవల్లి చెప్పేదాకా ఆగకుండా తానే వెళ్లి పాడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని మగపిల్లాడి పాట పాడితే ముసలాళ్లు నవ్వారు.

తిరిగొచ్చి పుష్పవల్లి భుజం పట్టుకుని నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"సింగపూర్లో ఓడెక్కి ఇంటికెళ్లాక ఇక పాడకూడదనుకున్నాను. అంత విసుగొచ్చేసింది. ఇప్పుడు మానను. ఇంతమంది నా కోసం ఇలా కదలకుండా కూర్చోవడం నా జన్మలో చూడలేదు."

పుష్పవల్లి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

వెంకటరావు మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇంకొకటా?" అంటూ సిగ్రిడ్ ఆత్రంగా జుట్టు సవరించుకుంది.

అతను ఆమె వైపు చూడలేదు. పెళ్లాంతో మెల్లగా అన్నాడు:

"సాలు. తలుపు కాడున్న మిలిట్రీ వోల్లు యెల్లిపోనారు. మనల్ని ఇక్కడ కూకోబెట్టి, కూలీ లైన్లల్లో ఇల్లన్నీ సోదా సేసేసినారు. మనిల్లు కూడా."