పదకొండు గంటల చీటీ

"థూ! కాపీ కొట్టనీకె కూడ సిగ్గుండాలె!" అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇన్‌స్టిట్యూట్‌లో లైనక్స్ చెప్పేది నేనే. మన్సూరాబాద్ నుంచి వచ్చి కొత్తగా చేరిన స్టూడెంట్ విజయశ్రీ, సొంతంగా రాశానంటూ తన లాప్‌టాప్‌లో ఒక విడ్జెట్ నడిపి చూపించింది. తెర మూలన గడియారం, దాని కింద ఆ రోజు పనులు. అచ్చం నాదే. ప్రతి బ్యాచ్‌కీ నేను నేర్పేదీ, ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్ల మీద నడిచేదీ అదే.

ఇలాంటి వాళ్లను చూస్తే పెంటలో కాలేసినట్టుంటుంది నాకు.

"దొంగతనం కూడ సక్కగ రాలే నీకు. పదకొండు గంటల చీటీ ఏది దీని పనుల లిస్టుల?"

మా విడ్జెట్‌లో రోజూ పదకొండింటికి ఒక పసుపు చీటీ లేస్తుంది: 'అండాలమ్మ, సూది'. అది ఉత్త శాంపిల్ అని పిల్లలకు చెబుతుంటాను.

విజయశ్రీ గొంతు పెంచలేదు.

"అండాలమ్మ మా నానమ్మ, సార్. ఆమెకు షుగర్ సూది ఏసుడు యాది మరువద్దని నేనే గీ విడ్జెట్ రాసుకున్న. ఎవరికన్న పనికొస్తదని నెట్‌ల పెట్టిన. ఫ్రీగ వాడుకోండ్రి, నా పేరు మాత్రం ఉంచుండ్రి అని రాసిన. మొన్న ఎండకాలంల నానమ్మ సచ్చిపోయింది. అందుకే నా దాంట్లకెల్లి ఆ చీటీ తీసేసిన."

నేను ఏదో అనబోయాను. అంతలో పదకొండైంది.

ల్యాబ్‌లో ఇరవై తెరల మీద పసుపు చీటీలు ఒక్కసారే లేచాయి. 'అండాలమ్మ, సూది.' ప్రతి చీటీ కిందా, తయారుచేసినవారు అంటూ నా పేరు.