పద్నాలుగు మంచాలకీ ఒకటే నాడి

“ఇంకా ఏడో మంచం దగ్గరే ఉన్నారా, సిస్టర్? ఇదే జోరులో వెళ్తే, పద్నాలుగో మంచం ఆయన డిశ్చార్జి అయి, మనవళ్ళ పెళ్ళిళ్ళు చేసి, మళ్ళీ వచ్చి చేరతాడు.”

ఇన్‌ఛార్జి సిస్టర్ గొంతు వార్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వినిపించింది. కొత్త నర్సు పెద్దాయన మణికట్టు వదల్లేదు.

“నిమిషం పూర్తిగా లెక్కపెట్టమని మీరే అన్నారు మేడమ్.”

“అన్నాను. నిమిషమంటే అరవై సెకన్లు. మీరు వాడే నిమిషం ఏ కంపెనీదో నాకు తెలీదు.”

అదీ నిజమే. చేరిన మొదటి రోజు పక్క వార్డు సీనియర్ ఒకామె చెవిలో చెప్పిన చిట్కా నమ్మి, కొత్త నర్సు పద్నాలుగు మందికీ నాడి డెబ్బై రెండు అని రాసేసింది. ఇన్‌ఛార్జి చార్టులు చూసి, “అద్భుతం! వార్డంతా ఒక్క గుండెతోనే బతుకుతోందన్నమాట,” అని మెచ్చుకుని, మొదటి మంచం నుంచి మళ్ళీ లెక్కపెట్టించింది. ఆరోజు తొందర తప్పు. ఈరోజు నిదానం తప్పు. కాలేజీలో రబ్బరు బొమ్మ చెయ్యి పట్టుకుని నేర్చుకున్న విద్యకి, వార్డులో మూడు నెలలుగా ఇన్‌ఛార్జి చేర్చిన పాఠం ఇదొక్కటే: కొత్త నర్సు ఏం చేసినా తప్పే, ఏమీ చేయకపోతే ఇంకా పెద్ద తప్పు.

ఆ మూడు నెలల గడువూ ఈరోజుతో సరి. ఇన్‌ఛార్జి ఫారం నింపి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేదంటే యూనిఫాం అప్పజెప్పి ఇంటికి. నర్సింగ్ చదువుతానన్నప్పుడు చుట్టాలంతా పడీపడీ నవ్వారు. వాళ్ళకి మరోసారి ఆ వినోదం కల్పించడం ఆమెకు ఇష్టం లేదు.

ఏడో మంచం పెద్దాయనకి వార్డులో ‘రేడియో’ అని పేరు. మధ్యాహ్నం ఇంటికి పంపేస్తున్నారని పొద్దున్నే సంచీ సర్దుకుని కూర్చున్నాడు.

“ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకు తల్లీ,” అన్నాడు రేడియో గొంతు తగ్గించి. “కన్నతల్లి ఎవరో గానీ, చిన్నప్పుడే నాలుగు తగిలించి ఉంటే ఆ నోరు అంత పెరిగేది కాదు.”

“తగిలించే ఉంటుంది లెండి. పనిచేసినట్టు లేదు.”

“మరి నువ్వెందుకు పడతావు? తిరిగి ఓ మాట అనరాదూ?”

“అంటే సంతకం పెట్టదు. కాసేపు మాట్లాడకండి, లెక్క తప్పుతోంది.”

తప్పుతున్నది లెక్క కాదు. నాడి వరసగా ఇరవై కొట్టుకుని, రెండు మూడు మింగేస్తోంది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే నిక్షేపంగా డెబ్బై రెండు. నిమిషమంతా చూస్తే అరవై నాలుగు, మధ్య మధ్య గోతులు.

“మేడమ్, ఈయన నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది.”

“డాక్టరుగారు పొద్దున చూసి ఇంటికి పంపమన్నారు. ఆయనకంటే మీకు ఎక్కువ తెలుసా?”

“తెలీదు మేడమ్. రెండుసార్లు లెక్కపెట్టాను.”

ఇన్‌ఛార్జి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఒక నిమిషం గడిచింది. ఆ నిమిషంలో ఆమె నోటి నుంచి ఒక్క వెటకారమూ రాలేదు. వార్డు చరిత్రలో అది రికార్డు.

తర్వాత అంతా పరుగులే. ఈసీజీ తీశారు. డిశ్చార్జి రద్దయింది. రేడియోని సంచీతో సహా గుండె వార్డుకి తరలించారు. “నాకు ముందే అనుమానం ఉంది,” అన్నాడు డాక్టరు. డాక్టర్లకి అనుమానం ఎప్పుడూ ముందే వస్తుంది, బయటికి చెప్పడమే కాస్త ఆలస్యం.

ఇన్‌ఛార్జి చార్టు అందుకుని చూసింది. కొత్త నర్సు ఆశగా నిలబడింది.

“ఎరుపు ఇంకుతో రాశారు. పగటి డ్యూటీకి నీలం.”

సాయంత్రం నర్సులందరికీ పెద్దయిన మేట్రన్ గదిలోకి ఇద్దరినీ పిలిచారు. మేట్రన్ ఫారం పైకెత్తి చదివింది.

“పని చాలా బాగుంది. ఓపిక చాలా బాగుంది. పరిశీలన, మొత్తం వార్డులోకెల్లా మేలు.” కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. “ఇది నీ చేతిరాతేనా? ఆరేళ్ళలో ఒక్కరికైనా ‘ఫరవాలేదు’ దాటి రాసిన పాపాన పోలేదే నువ్వు!”

“నాదే మేడమ్.”

“మరి కింద సంతకం ఏది?”

“పెట్టను మేడమ్.”

కొత్త నర్సు కుర్చీ అంచు పట్టుకుంది.

“ఇంత రాసిన కలానికి, సంతకం దగ్గరికొచ్చేసరికి ఇంకు అయిపోయిందా? ఆవిడ ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“తెలుసు. అందుకే మీరు పెట్టండి. నేను పెడితే చెల్లదు.”

“ఎందుకు చెల్లదట?”

వార్డంతటినీ గడగడలాడించే ఇన్‌ఛార్జి మొదటిసారి తల వంచుకుంది.

“ఆవిడ మా అమ్మ.”