బిడ్డను లేపు

నా కొడుకు యాకోబు తాండూరు దవాఖానల తెలివి లేకుండ పడి ఉన్నడు. వాని దగ్గర మా ఆయన ఉన్నడు. నేను కుల్కచర్లల మా చర్చి తలుపు తెరిచి, పొద్దుగూకినప్పటి నుంచి మోకాళ్ల మీదనే ఉన్న.

పాస్టరుగారు నేర్పిన ప్రార్థనే చేస్తున్న. "ప్రభువా, నా బిడ్డను లేపు." ఆయనది గుంటూరు దిక్కు. ఆయనకు కొడుకైనా బిడ్డే. మా దిక్కు బిడ్డంటే ఆడపిల్ల. అయినా ఆయన చెప్పినట్టే అన్న. దేవునికి మాటతోని ఏం పని, మనసు చూస్తడు గదా అనుకున్న.

"ప్రభువా, నా బిడ్డను..."

"ఆమేన్."

చిన్నపిల్ల గొంతు. చూస్తే వెనక చాపలన్నీ ఖాళీగనే ఉన్నయి.

ప్రార్థన అయిపోకముందే ఆమేన్ అనే అలవాటు మా ఇంట్ల ఒక్క ఎస్తేరుకే ఉండె. నా బిడ్డ. పోయినేడు పాము కరిచి పోయింది. ఈ చర్చి వెనకనే బొంద పెట్టినం.

మళ్ల శిలువ దిక్కు తిరిగిన. కిటికీ అవతల మన్ను జారిన చప్పుడైంది. జర సేపు ఏం లేదు. తర్వాత తలుపు దగ్గర చిన్న కాళ్లు గచ్చు మీద పడ్డ చప్పుడు.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన. ఎత్తిన. యాకోబు పేరు పెట్టి ఏడుస్తున్నడు.

వెనక నుంచి అదే చిన్న గొంతు. "అమ్మా, నన్ను లేపినవా?"

నేను వెనక్కి తిరగలేదు. శిలువనే చూసుకుంట అడిగిన.

"నేనెవరి కోసం అడిగిన్నో నీకు తెల్వదా, దేవా?"