ఇవాళ్టి ఇల్లు

"లోపలున్నవాళ్ళు లోపలే ఉండాలి. ఒక్కరు కూడా బయటికి రాకూడదు" అంటూ ఆరోగ్య కార్యకర్త గుమ్మానికి అడ్డంగా ఎర్ర టేపు అంటించేసింది. ఒంటినిండా తెల్ల గౌను, రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ అద్దం. మనిషి కనిపించదు, గొంతొక్కటే వినిపిస్తుంది. ఈ ఇంట్లో ఒకరికి కోవిడ్ పాజిటివ్ వచ్చిందట. అందరికీ టెస్టులు చేసి, నెగటివ్ అని తేలేదాకా ఎవరు గడప దాటినా కేసు పెడతారట.

వంటింట్లో సింకు కింద పడుకుని పైపు బిగిస్తున్న ప్లంబరు ఆ మాట విని, చేతిలో రెంచితో అలాగే పరుగెత్తుకొచ్చాడు.

"నేను ఈ ఇంటివాణ్ణి కాదు మేడమ్. కుళాయి బాగుచేయడానికొచ్చాను."

"ముందు ఆ మాస్కు ముక్కు మీదికి లాక్కోండి. టేపు వేసేసరికి లోపలున్నారా, లేదా?"

"ఉన్నాను."

"అయితే ఈ ఇంటివాళ్ళే."

"పొద్దున్న నువ్వే అన్నావుగా నాయనా, ఇది మీ ఇల్లని" అంది సోఫాలో కూర్చున్న పెద్దావిడ, అంత కంగారులోనూ.

అతను అలా అన్న మాట నిజమే. ప్లంబర్ల భాష అది. ఏ రోజు ఎక్కడ పనుంటే ఆ రోజుకి అదే 'మా ఇల్లు'. పొద్దున్న పైపుల దుకాణానికి ఫోన్ చేసి "మా ఇంటికి ఒక ఎల్బో పంపండి" అన్నప్పుడు పెద్దావిడ పకపకా నవ్వింది. దుకాణం వాళ్ళు తిరిగి ఫోన్ చేసినప్పుడు ఇంకా నవ్వింది. ఎవరు ఫోన్ చేసినా, రింగు బదులు అతని భార్య గొంతు "ఏమండీ, ఫోన్ తీయండి, పైపులెక్కడికీ పోవు" అని అరుస్తుంది మరి. ఆ భార్యే సరదాకి రికార్డు చేసి పెట్టింది. ఆ తర్వాత చార్జింగు అయిపోయి ఫోన్ ఆగిపోతే, పెద్దావిడ కోడలు జాలిపడి వంటింటి ప్లగ్గుకి తగిలించింది.

ఇప్పుడు అతనికి నవ్వు రాలేదు. తెల్లవారగానే ఆ భార్యని ఆస్పత్రిలో చేర్చి వచ్చాడు. తొలి కాన్పు. సాయంత్రంలోగా అయిపోతుందన్నారు. తోడుండటానికి ఆమెకి అతను తప్ప నా అన్నవాళ్ళు లేరు. 'మీరు పక్కన లేకపోతే నేను కననంతే' అని బెదిరించింది కూడా. వార్డులోకి రావాలంటే నెగటివ్ రిపోర్టు ఉండాలన్నారని, నిన్ననే వెళ్ళి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాడు. ఫలితం ఇవాళ వస్తుంది. ఈలోగా ఆస్పత్రి గేటు దగ్గర ఊరికే నిలబడలేక, నిన్న మొదలుపెట్టి సగంలో ఆపిన ఈ పనికి వచ్చి ఇరుక్కుపోయాడు.

హాల్లో అప్పుడే పంచాయితీ మొదలైంది. మాస్కు గడ్డానికి తగిలించుకుని కూరగాయలకి వెళ్ళేదెవరని అత్తగారు అడిగింది. వారం నుంచి దగ్గుతున్నదెవరని కోడలు అడిగింది. ఇద్దరి మధ్యా నలిగిపోయిన కొడుకు, తామంతా రెండు డోసులూ వేయించుకున్నామనీ, అసలు ఈమధ్య ఎవరూ టెస్టే చేయించుకోలేదనీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. పోనీ ఆ పేరేదో చెప్పమన్నాడు. పేరు చెప్పకూడదని రూలుందంది ఆరోగ్య కార్యకర్త. అడ్రసు మాత్రం ఇదేననీ, ఆ నంబరుకి ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ వస్తోందనీ, ఇలా ఫోన్లు కట్టేసి దాక్కునేవాళ్ళని చాలామందిని చూశాననీ అంది.

ప్లంబరు రెంచి కింద పెట్టి చేతులు జోడించాడు. "పేరు చెప్పొద్దు మేడమ్. మా అందరి ముందూ ఆ నంబరు ఇంకొక్కసారి కొట్టండి. ఎవరి ఫోన్ మోగితే వాళ్ళని పట్టుకోండి. ఎవరిదీ మోగకపోతే నన్ను పంపించేయండి. అక్కడ మా ఆవిడ ఒక్కతే ఉంది."

ఆరోగ్య కార్యకర్త కూడా ఆడదే, ఆ మాటకి కాస్త మెత్తబడింది. ఆ మనిషి ఈ ఇంట్లో లేడని తేలితే టేపు తీసేస్తానంది.

కొడుకు గబగబా మూడు ఫోన్లూ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళొచ్చి, "చార్జింగు ఎక్కింది, మీ ఫోన్ ఆన్ చేశాను. ఇది తేలగానే మీ ఆవిడతో మాట్లాడుకోండి" అంది ప్లంబరుతో. ఆయమ్మకి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆరోగ్య కార్యకర్త గుమ్మం అవతల నిలబడి నంబరు నొక్కింది. అందరూ బల్ల వంకే చూశారు. మూడు ఫోన్లూ కిక్కురుమనలేదు.

"చూశావా తల్లీ, మా ఇంట్లో ఎవరికీ కాదు" అంది పెద్దావిడ. ప్లంబరుకి ప్రాణం లేచొచ్చింది. చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

అంతలో వంటింట్లోంచి భార్య గొంతు అరిచింది. "ఏమండీ, ఫోన్ తీయండి, పైపులెక్కడికీ పోవు."

"మా ఆవిడే. కాన్పయిపోయినట్టుంది" అంటూ అతను ఒక్క పరుగున వెళ్ళి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. నంబరు చూసుకునేంత ఓపిక ఎక్కడిది? "హలో, ఎవరు పుట్టారు?" అన్నాడు.

ఫోన్లోంచీ గుమ్మంలోంచీ ఒకేసారి, ఒకే గొంతు వినిపించింది. "నిన్న టెస్టు దగ్గర మీ ఇల్లెక్కడని అడిగితే, ఈ అడ్రసు చెప్పింది మీరేనా?"