నిన్నటి లెక్క

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు మేనేజర్, ఆమె కుర్చీ వెనకే నిలబడి.

"ఇలాగే వదిలేస్తే సాయంత్రం దాకా," అంది ప్రోగ్రామర్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అది అవయవదాన కేంద్రంలో కిటికీ లేని గది. చనిపోయిన ఒక మనిషి లివర్ మంచుపెట్టెలో ఆసుపత్రికి బయల్దేరింది. దాన్ని ఎవరికి పెట్టాలో ఈ కంప్యూటరే చెప్పాలి. అన్ని ఆసుపత్రుల నుంచీ ఆ ఉదయం వచ్చిన రక్తపరీక్షల ఫైలు లోపలికెక్కితే, ఎవరి పరిస్థితి ఎక్కువ విషమంగా ఉందో తేలుతుంది. ఎక్కించేది పాతకాలపు ప్రోగ్రాం. ఒక వరుస చదివి, కామాల దగ్గర ముక్కలు చేసి, డేటాబేసు తెరిచి, అందులో పెట్టి, మూసి, మళ్ళీ ఇంకో వరుసకి వస్తుంది. చెంచాతో చెరువు తోడినట్టు.

ఫోన్ మోగింది. మేనేజర్ స్పీకర్ ఆన్ చేశాడు.

"పెట్టె వచ్చేసింది," అన్నాడు సర్జన్. "కొత్త ఫైలు ఎక్కకపోతే నిన్నటి లెక్క ప్రకారమే కానిచ్చేస్తాం. రూలు ఒప్పుకుంటుంది. మొదటి పేషెంటుని థియేటర్ దగ్గరికి తెచ్చాం కూడా."

"అలాగే సార్, కానివ్వండి..."

"కాసేపు ఆగండి డాక్టర్," అంది ఆమె.

"ఎక్కువసేపు ఆగలేనమ్మా."

మేనేజర్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎందుకమ్మా లేని తలనొప్పి? నీ కొత్త కోడు రేపు పెడదాం. ఇవాళ ఏదైనా తేడా వస్తే నీ మెడకీ నా మెడకీ చుట్టుకుంటుంది. నిన్నటి లెక్కే ఉండనీ. మనల్ని అడిగేవాళ్ళెవరూ లేరు."

"రాత్రికి రాత్రి ఎవరికైనా ప్రాణం మీదకి వచ్చి ఉండొచ్చు కదా సార్."

"రాకపోయీ ఉండొచ్చు."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద కదలకుండా ఉండిపోయాయి. తరవాత పాత ప్రోగ్రాంని ఆపేసి, తన కొత్త కోడు తెరిచింది. ఫైలు మొత్తాన్ని ఒకే విడతలో ఖాళీ పట్టికలోకి దింపి, తప్పులు అక్కడే ఏరి, ఒక్క ఊపున అసలు చోటుకి పంపే కోడు అది. చాన్నాళ్ళుగా పరీక్షించి పెట్టుకున్నదే. మీట నొక్కింది.

మేనేజర్ నీళ్ళసీసా మూత తీసేలోపు అయిపోయింది.

తెర మీద క్రమం మారింది. మొదట ఉన్న నంబరు కిందికి దిగింది. పైకి వచ్చింది ఒక బడిపిల్ల. రాత్రి నుంచి స్పృహలో లేదు.

"మంచిపని చేశావమ్మా," అన్నాడు సర్జన్, కొత్త వరుస చూసుకుని కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి. "ఈ పిల్ల రేపటిదాకా ఆగేది కాదు."

"మరి థియేటర్ దగ్గరున్నతను?"

"వార్డుకి పంపించేశాం. ఇంకొకటి దొరికితే పెడతాం. దొరికేదాకా ఉండాలి కదా."

మేనేజర్ భుజం తడుతుంటే ఆమె లేచి వరండాలోకి వచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో సెల్‌ఫోన్ మోగింది. అమ్మ.

"పొద్దున చెప్పాగా, తమ్ముడే మొదట ఉన్నాడని. థియేటర్ గుమ్మం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేశారే. మీ ఆఫీసులోనే ఎవరో ఆఖరి నిమిషంలో లెక్క మార్చారట. ఆ మనిషెవరో కాస్త కనుక్కో తల్లీ."