దానిమ్మ తోటలో కావలి గొంతు

పక్కచేను యల్లక్క ఊరంతా చెప్పుకొచ్చింది: "హనుమంతరాయుని తోటలో సుబ్బరత్న ఇంకా అరుస్తాండాదంట. మనిషి పోయి నెలాయె!"

దానిమ్మకాయల దొంగలను బెదరగొట్టడానికి హనుమంతరాయుడు మైకులో పెండ్లాం సుబ్బరత్న గొంతే ఎక్కించాడు. "ఎవర్రా ఆడ?" అని అది రాత్రంతా పది నిమిషాలకోసారి గద్దించేది. దొంగలు రావడం మానుకున్నారు. ఆ అరుపుకు అలవాటుపడి అతనూ తోటలోని షెడ్డులో హాయిగా నిద్రపోయేవాడు.

నీళ్లు తిప్పడానికి వెళ్లిన సుబ్బరత్నను పాము కరిచిన రాత్రి కూడా అలాగే పడుకున్నాడు. చెట్లలోంచి ఆమె పిలుపు రెండుమూడుసార్లు చెవిన పడింది. మైకేలే అనుకుని, దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగాడు. తెల్లారి చూస్తే ఆమె గెనిమ గట్టు మీద చల్లబడి ఉంది.

దినాలయ్యాక మైకు విప్పి, తీసుకెళ్లి బావిలో పారేశాడు.

యల్లక్క మాట విన్న రాత్రి మళ్లీ తోటకు వెళ్లాడు. ఆకు కదలడం లేదు. ఉన్నట్టుండి కీచురాళ్లు కూడా ఆగిపోయాయి.

"ఎవర్రా ఆడ?"

 హనుమంతరాయుడు గొంతు వినవచ్చిన వైపే చెట్లలోకి నడిచాడు.

"నేనేలే రత్నా. లేసొచ్చినా."

 ఈసారి అతని పక్కనుంచే, నెమ్మదిగా:

"ఇప్పుడొచ్చి ఏం జేస్తావు? పోయి పండుకో."