స్పీకర్‌లో సలసల

మా ఫ్యూజన్ యంత్రంలో ప్లాస్మా, అంటే నిప్పులా కాగే గ్యాసు, ఎంత అల్లకల్లోలంగా ఉందో చెవితో కనిపెట్టడం మా కంట్రోల్ రూమ్ అలవాటు. అందుకే సెన్సార్‌కు ఓ స్పీకర్ తగిలించాం. లోపల సుడులు రేగితే అది ఎసరు మరిగినట్టు సలసలమంటుంది.

ఆ రాత్రి సలసల ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అక్కా, ప్లాస్మా పోయిందా?"

షిఫ్టు ఇన్‌చార్జి అక్క నవ్వింది. "నువ్వు బెదిరి నన్ను బెదరగొట్టకు. పోలేదు, లొంగింది. అంచున వోల్టేజీ పెట్టాగా! అక్కడ ఒక పొర జోరుగా, పక్క పొర నెమ్మదిగా పారుతున్నాయి. మధ్యలో చిక్కిన సుడి సాగి సాగి తెగిపోతుంది. ఇక లోపలి వేడి లోపలే ఉంటుంది."

హమ్మయ్య అనుకున్నాను.

ప్రయోగం ముగిసింది. ప్లాస్మా ఆరిపోయింది. అక్క వోల్టేజీ తీసేసింది. ఇద్దరం బ్యాగులు సర్దుకుంటున్నాం.

స్పీకర్ మళ్లీ సలసలమంది.

"ఇప్పుడు లోపల ఏమీ లేదు కదక్కా?"

"ఏమీ లేదు. పంపులు గ్యాసంతా లాగేశాయి."

సలసల పెరిగింది. అక్క వోల్టేజీ మళ్లీ పెట్టింది. చప్పుడు ఠక్కున ఆగింది.

"హమ్మయ్య!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

వెళ్లేముందు లైట్లన్నీ ఆర్పాం. ఆ వోల్టేజీ స్విచ్ జోలికి మాత్రం ఎవరమూ పోలేదు.